ఎడమ దవడ మీద రష్యా పాట

ఫిబ్రవరి 2

పిచ్చుకకి మామయ్య దీవెనలు.

నీకు ఉత్తరం రాసి ఎన్నాళ్ళయిందో నాకు గుర్తులేదు. నీకు గుర్తుండే ఉంటుంది, అందుకని ఆ సంగతి నేనెత్తను. పనిబడితే తప్ప మేనకోడలు గుర్తుకు రాదా అని నువ్వు మూతి ముడుచుకునేలోపు ఆ పనేదో చెప్పేస్తాను. నాకు పియానో వాయించడం రావాలి. ఈ నెలాఖరులోపు. ఒక్క పాట చాలు.

నవ్వడం అయ్యాక మిగతాది చదువు.

నేను పనిచేసే పళ్ళ ఆసుపత్రిలో పియానో ఉందని నీకు చెప్పానో లేదో. మేం రాకముందు ఆ వాటాలో డాన్సు స్కూలు ఉండేది. వాళ్ళు ఖాళీ చేసేటప్పుడు పియానో గుమ్మంలో పట్టలేదు. మరి లోపలికెలా వచ్చిందని అడక్కు, అది ఇంటాయనకీ తెలియదు. పన్ను పీకే కుర్చీకి ఆనుకునే ఉంటుంది. దాని మూత మీద పట్టకార్లు, దూది, అద్దాలు సర్దుకుంటాను.

మా డాక్టరమ్మ రష్యాలో చదువుకుంది. అక్కడ ఆవిడకి పన్ను పీకడం నేర్పిన పెద్దాయన వాళ్ళ జానపదం ఒకటి పాడుకుంటూ పీకేవాడట. పాట మొదలవగానే పన్ను పట్టుకోవాలి, వేగం పెరిగేకొద్దీ కదపాలి, పాట అయ్యేసరికి పన్ను చేతిలో ఉండాలి. ఆవిడ చెయ్యి అలాగే తిరిగింది. వచ్చేటప్పుడు ఆ పాట క్యాసెట్టు తెచ్చుకుంది. ఇన్నేళ్ళూ ఆ క్యాసెట్టు తిరగందే మా ఆసుపత్రిలో పన్ను ఊడలేదు. మీట నొక్కేది నేనే.

పోయిన నెల ఇంటాయన భార్యకి పుచ్చుపన్ను తీస్తుండగా, పాట నడిమధ్యలో టేపు పుటుక్కున తెగింది. డాక్టరమ్మ చెయ్యి జారింది. పుచ్చుపన్ను ఉన్నచోటే ఉంది, దాని పక్కనున్న నిక్షేపంలాంటి పన్ను ఊడి చేతికొచ్చింది. ఆ రోజు నుంచి పట్టకారు పట్టుకుంటే చాలు, ఆవిడ చెయ్యి వణుకుతోంది. వచ్చినవాళ్ళకి పుక్కిలించే మందిచ్చి పంపేస్తోంది. ఊళ్ళో సగం మంది పుక్కిలిస్తూ తిరుగుతున్నారు.

ఇంటాయన మేడ మీదే ఉంటాడు. నెలాఖరుకి వాటా ఖాళీ చెయ్యమన్నాడు. మిఠాయి కొట్టు వాళ్ళు అప్పుడే వచ్చి గోడలు కొలుచుకుపోయారు. నేను కాళ్ళావేళ్ళా పడితే ఒక మెట్టు దిగాడు. ఆయనకో దవడపన్ను కదులుతోంది. నెల ఆఖరి రోజున డాక్టరమ్మ దాన్ని చెయ్యి వణక్కుండా తీస్తే మేం ఉండొచ్చు. ఇది ఆయన మంచితనం అనుకునేవు. తన పన్ను పోయిన కుర్చీలోనే మొగుడి పన్నూ పోవాలని ఆయన భార్య పట్టుబట్టింది, అంతే.

ఇక్కడ మూతపడితే మళ్ళీ ఎక్కడా తెరవనని డాక్టరమ్మ అంటోంది. పట్టకార్లన్నీ నూనె రాసి పెట్టెలో పెట్టమంది. నాకు చెయ్యి రాలేదు.

క్యాసెట్టు కోసం తిరగని బజారు లేదు. పాట ఎలా ఉంటుందంటే, నిండు బిందెతో మెట్లెక్కే మనిషిలా మొదలవుతుంది. కాస్త ఆగుతుంది, నాలుగు మెట్లు దిగుతుంది, మళ్ళీ ఎక్కుతుంది, చివరికి బిందె పారేసి పరిగెడుతుంది. నీ దగ్గర పియానో నేర్చుకునే పిల్లల పుస్తకాల్లో వెతుకు. ఆ గీతలూ గుడ్లూ మాత్రం నాకు పంపకు. అంకెలైతే నాకు కొట్టిన పిండి.

తొందరలో ఉన్న
మీ మామయ్య

—

ఫిబ్రవరి 7

మామయ్యా,

నవ్వడం ఇంకా అవలేదు, అయినా రాస్తున్నాను.

నీ బిందె మనిషి దొరికాడు. రెండో ఏడాది పిల్లల పుస్తకంలో ఉన్నాడు. అది పడవ నడిపేవాడి పాట. మెట్లూ లేవు, బిందే లేదు. వేరే కాగితం మీద పాటంతా అంకెల్లో రాసి జతచేశాను. ఒకటి నుంచి ఏడు వరకు అంకెలు. చుక్క లేనివి మామూలువి, కుడి చేత్తో వాయించు. అంకె కింద చుక్క ఉంటే అది కింది స్వరం, ఎడమ పక్కకి వెళ్ళి ఎడమ చేత్తో వాయించు. అంకె పక్కన గీత ఉంటే వేలు తియ్యకు. పియానో తాళం కన్నానికి సుమారుగా ఎదురుగా, రెండు నల్ల మెట్లు, అదే వేలితో నొక్కేవి, జంటగా ఉన్నచోట, వాటికి ఎడమన ఉన్న తెల్ల మెట్టు ఒకటి. అక్కడ మొదలుపెట్టి కాగితం ముక్కల మీద అంకెలు రాసి అంటించుకో. జిగురు తక్కువ వాడు. మెట్ల సందుల్లోకి పోతే నన్ను తిట్టుకుంటావు.

తప్పు వాయించడం అలవాటు చేసుకోకు. నా దగ్గర పిల్లలు ఒక తప్పు పడితే మొదటి నుంచి మళ్ళీ వాయించాలి. నన్ను వాళ్ళు వెనకాల ఏమంటారో నాకు తెలుసు, నేనేం పట్టించుకోను.

ఇప్పుడు అసలు మాట. నీ ఉత్తరంలో డాక్టరమ్మ అన్న మాట పేరాకొకసారి తగులుతోంది. నీ జీతం గురించి ఒక్క ముక్క లేదు. ఉద్యోగం పోతుందని భయపడేవాడు ఇలా రాయడు. నీకు యాభై దాటాయి, నన్నడిగితే ఇదేమీ ఆలస్యం కాదు. ఉత్తరం అమ్మకి చూపించాను. చదివి కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివింది. ఆవిడ నీకంటే పొడుగా అని అడగమంది.

అభ్యాసం మానకు.
పిచ్చుక

—

ఫిబ్రవరి 12

పిచ్చుకకి,

నిన్ను పియానో పాట అడిగితే నువ్వు పెళ్ళి బాజా మోగించావు. ఆ ఉత్తరం అక్కకి చూపించమని ఎవరన్నారు? డాక్టరమ్మ నన్ను మీరు అంటుంది, నేను ఆవిడని మీరు అంటాను. మా మధ్య ఎప్పుడూ నోరు తెరుచుకుని ఒక మూడో మనిషి ఉంటాడు. ఇందులో నీకేం కనిపించిందో నాకు తెలియదు. పొడుగు సంగతి నేను చూడలేదు. నా చెవి దాకా వస్తుంది.

ఇక చదువు సంగతి. నువ్వు అంకెలని భయపెట్టావు గానీ, ఇందులో నేర్చుకోవడానికేం లేదు. మా ఆసుపత్రిలో పుట్టిన లెక్కే ఇది. అవే అంకెలు, అదే కుడి ఎడమ. ఏ మెట్టు ఏదో చీటీ చూడకుండా చెప్పగలను. నల్లవాటి జోలికి పోలేదు, చూడబోతే పుచ్చినట్టున్నాయి. ఎనిమిదో అంకె లేదేమిటా అని కాసేపు బుర్ర గోక్కున్నాను. జ్ఞానదంతం రాని పాట అని సరిపెట్టుకున్నాను.

నేనుండే గదిలో పియానో లేదు కదా, కట్టుడుపళ్ళ కోసం పోత పోసిన సున్నపు దవడ ఒకటి తెచ్చుకుని దాని మీద వేళ్ళు తిప్పుకుంటున్నాను. నిన్న పక్క గది టైలరు పంచదార కోసం వచ్చి, ఎదురుగా దవడ పెట్టుకుని కళ్ళు మూసుకుని పళ్ళు నొక్కుతున్న నన్ను చూశాడు. పంచదార అడక్కుండానే వెళ్ళిపోయాడు.

ఆసుపత్రిలో వాయిస్తుంటే ఇంటాయన పైనుంచి చేతికర్రతో నేల మీద కొడుతున్నాడు. ఆయన కొట్టుడు కూడా పాటలో కలిసిపోతోంది.

మంచి మాట ఆఖరికి దాచాను. మొన్న బస్సు కండక్టరు దవడ వాచి వచ్చాడు. పుక్కిలించే మందు వద్దు, పీకుతారా పీకరా అని కూర్చున్నాడు. నేను గబగబా పట్టకార్లన్నీ కిందకి దించి మూత తెరిచాను. వాయించాను. డాక్టరమ్మ కళ్ళు చిట్లించి నా వైపే చూస్తోంది. నేను ఎక్కడికి పోతానో అన్నట్టు చూస్తోంది. అలా చూస్తూనే పన్ను తీసేసింది. చెయ్యి కదలలేదు. కండక్టరు పన్నుని జేబులో వేసుకుని, టిక్కెట్టు ఇవ్వనా అని నవ్వాడు. ఆ తర్వాత ఇంకో ఇద్దరివి తీసింది. బాగా వాయించానా అని అడిగితే, చాలా శ్రద్ధగా వినాల్సి వస్తోంది అంది. అంతకంటే మెప్పు ఏముంటుంది?

గెలిచినట్టే. నెలాఖరుకి ఇంటాయన్ని కూర్చోబెట్టడమే తరువాయి.

వేళ్ళకి బొబ్బలెక్కిన
మామయ్య

—

ఫిబ్రవరి 18

మామయ్యా,

కూర్చుని చదువు. నిలబడి ఉంటే కూర్చో.

అమ్మ శుక్రవారం చుట్టాలింటికని చెప్పి మీ ఊరు వచ్చింది. నువ్వు మందుల కొట్టుకి వెళ్ళిన వేళ చూసి, పంటినొప్పని డాక్టరమ్మ కుర్చీలో కూర్చుంది. లేని నొప్పి కోసం నోరు తెరిస్తే ఉన్న పుచ్చు బయటపడింది. మత్తు సూది వేసి, పన్ను తీయాలన్నారట. ఇంతలో నువ్వొచ్చావు. నోరు తప్ప మొహమంతా గుడ్డ కప్పి ఉంది కాబట్టి సొంత అక్కని నువ్వు గుర్తుపట్టలేదు. నేరుగా పియానో దగ్గర కూర్చుని వాయించావట. పెళ్ళిచూపులకి వెళ్ళి పన్ను పోగొట్టుకొచ్చిన మనిషిని నేనింకెక్కడా చూడలేదు. అయినా అమ్మకి డాక్టరమ్మ బాగా నచ్చింది. చెయ్యి మెత్తనట.

ఇంటికొచ్చి సగం మూతితో నీ పాట పాడి వినిపించింది. సరే, మూతి తిమ్మిరెక్కి స్వరాలు పక్కకి పోతున్నాయి అనుకున్నాను. తిమ్మిరి వదిలేదాకా ఆగి మళ్ళీ పాడించాను. అదే పాట. అప్పుడు నీ ఉత్తరం తీసి చదివాను. మీ ఆసుపత్రి లెక్క ఏమిటని అమ్మని అడిగాను. డాక్టరమ్మ అద్దం పెట్టి ఆవిడకి చూపించిందట, ముందు పళ్ళ మధ్య నుంచి కుడికి ఒకటి రెండు మూడు, ఎడమకీ ఒకటి రెండు మూడు అని.

మామయ్యా, పియానోకి దవడలు లేవు. మెట్లు ఎప్పుడూ ఎడమ నుంచి కుడికే లెక్క. మధ్యలో ఒకటి ఉంటే దాని ఎడమ పక్కది కింది ఏడు. దానికి ఎడమన ఆరు, ఆ తర్వాత అయిదు. నువ్వు అక్కడ ఒకటి, రెండు, మూడు అని అంటించావు. అందుకని కుడి చెయ్యి పాట పాడుతోంది, ఎడమ చెయ్యి దాన్ని అద్దంలో పాడుతోంది. పడవవాడు ఏట్లోకి దిగాల్సిన చోటల్లా చెట్టెక్కుతున్నాడు.

నువ్వు నా దగ్గర నేర్చుకుని ఇలా వాయిస్తున్నావని నలుగురికీ తెలిస్తే నేను తలెత్తుకోలేను. ఎడమ పక్క చీటీలన్నీ పీకేసి సరిగ్గా అంటించు. తప్పు పాటతోనే చెయ్యి నిలబడితే, సరైన పాటతో ఇంకెంత బాగుంటుందో ఆలోచించు.

నీ మంచి కోరే
పిచ్చుక

—

ఫిబ్రవరి 23

పిచ్చుకకి,

నీ మాట విన్నాను. కొంప మునిగింది.

చీటీలు మార్చి, తిండీ తిప్పలూ మాని రాత్రుళ్ళు ఆసుపత్రిలో సాధన చేశాను. రెండు రోజులు వేళ్ళు మొరాయించాయి, మూడో రోజు దారికొచ్చాయి. వాయిస్తుంటే అచ్చం క్యాసెట్టే. పైనుంచి చేతికర్ర చప్పుడు కూడా ఆగిపోయింది. ఇంకేం, నిన్న పోస్టుమాస్టరు కుర్చీలో కూర్చోగానే దర్జాగా మొదలుపెట్టాను.

డాక్టరమ్మ మొహం వెలిగింది. ఇదే, ఇదే అంది. పన్ను పట్టుకుంది. పాట సాగింది, కింద చుక్కలున్న చోటికి వచ్చింది. టేపు తెగింది అక్కడే. ఆవిడకి తెలుసు, అక్కడికి వస్తున్నామని నాలుగు అంకెల ముందే తెలిసిపోయింది. పట్టకారు పోస్టుమాస్టరు పళ్ళకి తగిలి టకటకలాడింది. ఆవిడ పట్టకారు పళ్ళెంలో పడేసి, వెనక గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. పోస్టుమాస్టరు నోట్లో దూది కుక్కి నేనే ఇంటి దగ్గర దింపి వచ్చాను.

సాయంత్రం చెప్పింది. తప్పు పాటలో ఆ చోటు రానే రాదట. పైగా నేను తర్వాత ఎటు దూకుతానో అంతుపట్టక, బుర్ర అంతా దాని మీదే ఉండి, వణకడానికి తీరిక ఉండేది కాదట. మీరు వాయిస్తున్నది నా పాటకి వరసకి తమ్ముడని అనుకున్నాను, ఆ తమ్ముడే నయం, వాణ్నే పిలవండి అంది.

పిలుద్దామని చీటీలన్నీ మళ్ళీ దవడ లెక్కకి మార్చాను. వేళ్ళు వినడం లేదు. ఇప్పుడు పాట చెవికెక్కింది. చీటీ మీద ఏముందో కళ్ళు చూసేలోపే వేళ్ళు సరైన చోటికి పోతున్నాయి. తప్పు వాయించాలని ఎంత ప్రయత్నించినా తప్పు రావడం లేదు. నా బతుకులో ఇలాంటి ఇబ్బంది ఎప్పుడూ ఎదురవలేదు.

సరిగ్గా నేర్పింది నువ్వే, తప్పు నేర్పాల్సింది కూడా నువ్వే. ఇంటాయన రోజూ మెట్లు దిగి వచ్చి దవడ పట్టుకుని కుర్చీ వైపు చూసి పోతున్నాడు. డాక్టరమ్మ పట్టకార్లకి తనే నూనె రాస్తోంది.

నీ మీద కోపం లేదు. ఉంది గానీ తర్వాత చెబుతాను.

మామయ్య

—

ఫిబ్రవరి 25

మామయ్యా,

నీ ఉత్తరం చదివి రాత్రి అన్నం తినలేదు. అమ్మ కూడా తినలేదు, కానీ ఆవిడకి పన్ను తీసినచోట నొప్పి.

నేనే వచ్చి వాయిద్దామని, మా స్కూలు పియానోకి దవడ లెక్కన చీటీలు అంటించి, పిల్లల ముందే కూర్చుని తప్పు పాట నేర్చుకున్నాను. పుట్టి బుద్ధెరిగాక కావాలని తప్పు వాయించడం ఇదే మొదలు. మొదట చేతులు మొద్దుబారాయి. ఒక్కొక్క తప్పూ సరిగ్గా పడిందా లేదా అని మళ్ళీ మొదటి నుంచి వాయించాను. పిల్లలు వింటూ ఉండిపోయారు. ఇప్పుడు వాళ్ళందరికీ ఆ పాటే వచ్చేసింది, అసలుది వాయించమంటే తప్పని నాతోనే వాదిస్తున్నారు. హెడ్‌మిస్ట్రెస్ పిలిపించింది. పళ్ళ ఆసుపత్రి కోసమని చెప్పాను. ఆవిడ సెలవు పెట్టుకోమంది.

సెలవైతే దొరికింది గానీ అమ్మకి జ్వరం, వదిలి రాలేను. అందుకని ఉపాయం చెబుతున్నాను. నీ వేళ్ళని నడిపిస్తున్నది నీ చెవి. మీ దగ్గర దూదికి కొదవలేదు. రెండు చెవుల్లోనూ బాగా దూది పెట్టుకో. చీటీలు దవడ లెక్కకి మార్చు. ఏమీ వినకు, అంకెలే చూడు, మీట నొక్కుతున్నాననుకో. పాట అనుకోకు.

సరిగ్గా ఉండాలని పట్టుబట్టింది నేనే. డాక్టరమ్మ ఆసుపత్రి పోతే నాకు బాధగా ఉంటుంది. నీకెంత బాధగా ఉంటుందో అమ్మ నాకు చెప్పింది. ఎలా తెలిసిందంటే, నువ్వు వాయించేటప్పుడు మొహాన గుడ్డ పక్కకి జరిపి నిన్ను చూసిందట. నువ్వు పియానోని చూడటం లేదట.

పిచ్చుక

—

మార్చి 1

పిచ్చుకకి,

నిన్నటి సంగతి మొదటి నుంచి చెబుతాను, మధ్యలో తొందర పడకు.

నువ్వు చెప్పినట్టే చెవుల్లో దూది కుక్కుకున్నాను. చీటీలు మార్చాను. ఇంటాయన కుర్చీలో కూర్చున్నాడు. ఆయన భార్య ఎదురుగా స్టూలు వేయించుకుని, సినిమాకి వచ్చినంత కుదురుగా కూర్చుంది. గుమ్మం దగ్గర మిఠాయి కొట్టు ఆయన నిలబడ్డాడు. డాక్టరమ్మ నాతో ఏదో అంది. దూది వల్ల వినపడలేదు. తలూపాను.

వాయించడం మొదలుపెట్టాను. చప్పుడు లేదు, అంకెలే ఉన్నాయి. మూడు, మూడు, రెండు, ఒకటి. బాగానే ఉంది. కింద చుక్కల దగ్గరికి వచ్చేసరికి నా ఎడమ చెయ్యి చీటీ మీద ఉన్న అంకెని వదిలేసి పక్క మెట్టు మీదకి పోయింది. చెవికి వినపడకపోయినా వేలికి తెలిసిపోయింది, అది సరైన మెట్టు. తర్వాతది కూడా సరైనదే. చెవుల్లో దూది పెట్టమన్నావు గానీ వేళ్ళకి ఏం పెట్టాలో చెప్పలేదు. ఆ చోటు వచ్చేస్తోంది. ఆవిడ చెయ్యి చూశాను. వణుకు మొదలైంది. నాకు ఇంకేం తోచలేదు, వేళ్ళు తీసేశాను. పాట ఆగిపోయింది. ఎక్కడ ఆగిందంటే, సరిగ్గా టేపు తెగిన చోట.

అయిపోయింది అనుకున్నాను. మిఠాయి ఆయన వైపు చూడలేకపోయాను. అప్పుడు ఇంటాయన గొంతు దగ్గర కండ పైకీ కిందకీ ఆడటం కనిపించింది. ఊపిరాడటం లేదేమోనని కంగారుపడి దూది లాగేశాను.

ఆయన పాడుతున్నాడు. నోట్లో పట్టకారు ఉంది కాబట్టి ముక్కుతో పాడుతున్నాడు. ఇన్నేళ్ళూ మేడ మీద కూర్చుని నేలలోంచి విన్న పాట. ఆగిన చోట అందుకుని, ఒక్క స్వరం తప్పకుండా, వేగం పెంచుకుంటూ పోయాడు. ఆయన పాడుతుంటే ఆ కదిలే పన్ను పట్టకారులో జుయ్‌మని మోగుతోంది. డాక్టరమ్మకి చేతిలో పాట మోగడం ఎప్పుడూ తెలియదు కదా, ముందు బిత్తరపోయింది, తర్వాత పకపకా నవ్వింది. నవ్వితే చెయ్యి ఇంకా కదలాలి. కదలలేదు. ఆయన ఆఖరి స్వరం పట్టుకుని లాగుతుండగా ఆవిడ పన్ను లాగేసింది. రెండూ ఒకేసారి అయ్యాయి.

నోరు కడుక్కున్నాక ఆయన చెప్పాడు. టేపు తెగినప్పటి నుంచీ ఆ పాట ఆయన బుర్రలో అక్కడే ఆగిపోయి ఉందట, నేను సరిగ్గా వాయించిన రాత్రుళ్ళు తప్ప నిద్ర పట్టలేదట. నేను తప్పు వాయించిన రోజుల్లో పిచ్చెక్కి కర్రతో కొట్టేవాడట. ఖాళీ చెయ్యమన్నదాంట్లో సగం కోపం పన్నుకీ, సగం పాటకీ. ఇప్పుడు మేం ఉండొచ్చు. మిఠాయి కొట్టు పక్క వాటాలో పెడతారు, అది మాకూ మంచిదే. ఆయన భార్య ఒక్కతే మొహం మాడ్చుకుంది. ఆయనకి నొప్పే పుట్టలేదని ఆవిడ బాధ. పుచ్చుపన్ను తీయించుకోవడానికి సోమవారం వస్తానంది.

అందరూ వెళ్ళిపోయాక డాక్టరమ్మ చేతులు కడుక్కుంది. వెళ్ళొస్తానంటుంది అనుకున్నాను. వచ్చి ఆ కుర్చీలో తనే కూర్చుంది. ఇన్నేళ్ళలో ఆవిడ అందులో కూర్చోవడం నేను చూడలేదు. మొత్తం వాయించండి, సరైనదే వాయించండి, ఆపకండి అంది.

నీకు రాయడానికి నాకు సిగ్గేమీ లేదు. మీ అమ్మ కనిపెట్టింది నిజమే. ఆవిడ ఆసుపత్రి మూసేస్తానన్న రోజు నుంచి నాకు పొద్దున లేచి ఎక్కడికి వెళ్ళాలో తెలియకుండా పోయింది, అది ఉద్యోగం కోసం కాదు.

వాయించాను. ఆ చోటు దగ్గరపడేసరికి ఆవిడ కళ్ళు గట్టిగా మూసుకుని కుర్చీ చేతిని పట్టుకుంది. భయపడ్డవాళ్ళ చెయ్యి పట్టుకోవడం నా పనిలో భాగం, ఎంతోమందివి పట్టుకున్నాను. ఆవిడ చెయ్యి నాకు ఎడమ పక్కన ఉంది. ఎడమ చెయ్యి తీసి దాన్ని పట్టుకున్నాను, కుడి చేత్తో వాయిస్తూనే పోయాను. కింద చుక్క ఉన్న స్వరాలు ఒక్కటీ పలకలేదు. పాట సగమే వినిపించింది. ఆవిడ తప్పు పట్టలేదు. నువ్వూ పట్టకు.

మామయ్య